మూడు బాల్ పైథాన్లు, ఒక గెక్కో, ఆరడుగుల గోడ: రాక్ కొనాలా, పెట్టెలు చేయించాలా?

ప్లానో పాములోడు:
అందరికీ నమస్తే, డాలస్ పక్కన ప్లానో నుంచి. మూడు బాల్ పైథాన్లు, ఒక లెపర్డ్ గెక్కో (బల్లి జాతి) ఉన్నాయి నా దగ్గర. ఇన్నాళ్ళూ గాజు ట్యాంకుల్లోనే లాక్కొచ్చా కానీ ఈమధ్య పెద్దదానికి కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడుతోంది, కంటి మీద పొర అలాగే ఉండిపోయింది. మా ఆవిడ ఆఫీస్ రూంలో ఒక గోడ ఇచ్చింది, ఆరడుగుల వెడల్పు, అంగుళం కూడా పెరగకూడదంది. రాక్ (డ్రాయర్లలా లాగే ప్లాస్టిక్ టబ్బుల స్టాండు) అయితే అన్నీ ఒక దాంట్లో సర్దుకుంటాయి, నాలుగడుగుల పీవీసీ పెట్టెలైతే ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఏది నయం? చక్రాలు పెట్టించాలా? డిసెంబర్లో ఐదు వారాలు ఇండియా వెళ్తున్నాం, అప్పుడెలా?

ఎడిసన్ కోనసీమ:
తప్పు ట్యాంకుది కాదు బ్రో, పైన జాలీది. చలికాలం హీటర్ వేస్తే మా ఇంట్లో తేమ 20 శాతానికి పడిపోద్ది. జాలీకి మూడొంతులు అల్యూమినియం టేప్ అంటించి, కింద కొబ్బరి పొట్టు నాలుగంగుళాలు పోశా, 60 దగ్గర నిలబడింది, తర్వాతి కుబుసం మేజోడు ఊడినట్టు మొత్తం ఒకే ముక్క. మాది అమలాపురం దగ్గర, మా ఊళ్ళో రోడ్డు పక్కన గుట్టలుగా పడుండే పొట్టుని ఇక్కడ ఇటుకలు కట్టి డాలర్లకి అమ్ముతుంటే కొన్న ప్రతిసారీ కడుపు మండిపోతుంది.

అరవై టబ్బులు:
2011 నుంచి బ్రీడింగ్ చేస్తున్నా, ఇంట్లో 60 టబ్బులున్నాయి, కాబట్టి కొంచెం తెలిసే చెప్తున్నా అనుకోండి. రాక్ కొను, ఇంకేం ఆలోచించకు. బాల్ పైథాన్ అంటే ఘానా, టోగో వైపు పగలంతా ఎలుక కన్నాల్లో, చెదపుట్టల్లో ముడుచుకుని పడుకునే జీవి. దానికి సీనరీ అక్కర్లేదు, చీకటి, వెచ్చదనం, తేమ ఉంటే చాలు. టబ్బు అడుగున వెనక వైపు హీట్ టేప్ (కరెంటుతో వేడెక్కే పట్టీ), వేడి వైపు 90 ఫారెన్‌హీట్, చల్లటి వైపు 78. థర్మోస్టాట్ ప్రోబ్ (వేడి కొలిచే తీగ) టబ్బు లోపల పెట్టు, అయిపోయింది.

గెక్కో గీత:
ప్రోబ్ టబ్బు లోపలా?? దయచేసి కొత్తవాళ్ళకి ఇది నేర్పకండి సార్. నేను అలాగే పెట్టా. ఒకరోజు మా పాము నీళ్ళ గిన్నె తోసేసింది, ప్రోబ్ తడిసి చల్లగా చూపిస్తోంది, థర్మోస్టాట్ ఏమో పాపం ఇంకా వేడి కావాలనుకుని టేప్‌ని తోముతూనే ఉంది. సాయంత్రం ఆఫీస్ నుంచి వచ్చి చూస్తే పొట్ట కింద పొలుసులు వరుసగా గోధుమరంగు తిరిగి, రెండుచోట్ల బొబ్బలు. నాలుగు కుబుసాలు పట్టింది ఆ మచ్చ తగ్గడానికి. ప్రోబ్ ఎప్పుడూ టేప్‌కీ టబ్బు అడుగుకీ మధ్య, కదలకుండా అంటించాలి. ఇక పామునేమో చెప్పుల స్టాండులో పెట్టినట్టు జీవితాంతం డ్రాయర్లో పెట్టడం గురించి నేను మాట్లాడితే గొడవైపోద్ది, వదిలేస్తున్నా.

అరవై టబ్బులు:
వదిలేస్తున్నా అంటూ అనేశారుగా. గిన్నె బరువుది పెట్టుకోకపోవడం మీ తప్పు, ప్రోబ్‌ది కాదు. టేప్ మీద ప్రోబ్ పెడితే తెలిసేది టేప్ వేడి, పాము పొట్టకి తగిలే వేడి కాదు. ప్లాస్టిక్ మందాన్ని బట్టి, పొట్టు మందాన్ని బట్టి తేడా వస్తుంది. మీకెన్ని పాములున్నాయి?

గెక్కో గీత:
రెండు. అరవై ఉంటేనే నోరు విప్పాలని ఎక్కడ రాసుంది? తేడా ఉంటే టెంపరేచర్ గన్‌తో లోపల కొట్టి చూసుకుని థర్మోస్టాట్ 93కో 94కో పెంచుకుంటాం, లోపల 90 వస్తుంది. ఇదేం రాకెట్ సైన్సా.

కరీంనగర్ కరెంటోడు:
లొల్లి ఆపుండ్రి ఇద్దరు. రాక్‌ల పది టబ్బులకు ప్రోబ్ ఒక్కటే ఉంటది, అది మర్చిపోతున్నరు. ఆ ప్రోబ్ టబ్బు లోపల ఉందనుకో, ఆ టబ్బే కడుగుదామని గుంజి పక్కన పెడితివి, ప్రోబ్ దాంతోపాటే బయటికొచ్చి చల్లగైతది, మిగిలిన తొమ్మిది టబ్బులు ఉడుకుతయి. గీతక్క చెప్పిందే కరెక్టు. ఇంకో ముచ్చట, చవక ఆన్-ఆఫ్ థర్మోస్టాట్లల్ల రిలే (లోపలి స్విచ్) అతుక్కపోతే అది ఆన్‌లనే ఉండిపోతది. నాకు ఒకసారి అయింది, నా అదృష్టం ఆదివారం ఇంట్లనే ఉన్న. అప్పటిసంది రెండోది వరుసల పెట్టిన, మొదటిదానికంటె నాలుగు డిగ్రీలు ఎక్కువ సెట్ చేసి. మొదటిది చెడిపోతే అది కట్ చేస్తది.

అరవై టబ్బులు:
నేను ప్రతి వరుసకీ వేరే ప్రోబ్ వాడతా. అందరూ నాలాగా చేయలేరు లెండి.

ఎడిసన్ కోనసీమ:
😂 వచ్చింది చూడండి అసలు మాట

మెల్‌బోర్న్ మరదలు:
మీరు అదృష్టవంతులండీ, ఇక్కడ ఆస్ట్రేలియాలో బాల్ పైథాన్ పేరెత్తితే జైలు, ఇక్కడి జాతులే పెంచాలి, వాటికీ లైసెన్సు. మా దగ్గర కార్పెట్ పైథాన్ ఉంది, అది చెట్టెక్కే రకం కాబట్టి రాక్ ప్రశ్నే లేదు, ఎత్తు పెట్టె. మా అత్తగారు వచ్చినప్పుడు నాగులచవితికి ఇక్కడ పుట్టెక్కడ దొరుకుతుందని దాని ముందే చిమ్మిలి, చలిమిడి పెట్టి పసుపు కుంకుమ చల్లారు. పాలు కూడా లోపల పోద్దామన్నారు, అది తాగదత్తయ్యా అని బతిమాలుకున్నా. గాజు పట్టాల్లో ఇప్పటికీ పసుపు వస్తుంది.

కరీంనగర్ కరెంటోడు:
మా దిక్కు చవితి కాదు, శ్రావణంల నాగులపంచమి.

వడ్రంగి మనవడు:
ప్లానో అన్నా, నేను హైదరాబాద్‌లో కిచెన్ ఇంటీరియర్స్ చేస్తా, నాకు ఒక బాల్ పైథాన్ ఉంది (కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో రిజిస్టర్ చేయించాలెండి, ఎవరైనా ఇక్కడ కొనేవాళ్ళుంటే ముందు అది చూసుకోండి, మన కొండచిలువ, నక్షత్ర తాబేలు అయితే ఆ ఆలోచనే వద్దు, 1972 వన్యప్రాణి చట్టం). పెట్టె నేనే చేసుకున్నా. పీవీసీ ఫోమ్ బోర్డు షీటు 8×4 వస్తుంది, మీ దగ్గరా అంతే అనుకుంటా. నాలుగు, రెండు, రెండు అడుగుల పెట్టెకి పైన, కింద, వెనక మూడు ముక్కలు 4×2, నాలుగోది సగానికి కోస్తే రెండు పక్కలు. ఒక్క షీటు, ఒక్క ముక్క వేస్ట్ కాదు. మెలమైన్ వేసిన పార్టికల్ బోర్డు మాత్రం వద్దు, తేమకి అంచులు మరమరాల్లా ఉబ్బుతాయి. మాకు మే నెలలో గది 38 సెల్సియస్, హీట్ టేప్ మాట దేవుడెరుగు, ఏసీ ఆపితే దానికే కష్టం.

అరవై టబ్బులు:
వేస్ట్ కాదు సరే, ముందు వైపు పట్టీ ఏదీ? గాజు తలుపు నేరుగా అడుగు ముక్క మీద నిలబెడతావా? తలుపు తీయగానే నాలుగంగుళాల పొట్టు కార్పెట్ మీద పడుద్ది. ఇదా ఇంటీరియర్స్.

వడ్రంగి మనవడు:
పాత ముక్కలు వాడా సార్ పట్టీకి. షాపులో ఉంటాయి మాకు.

అరవై టబ్బులు:
ఆయనకి ప్లానోలో ఉంటాయా?

ప్లానో పాములోడు:
థాంక్స్ అందరికీ. టేప్ మీదే ప్రోబ్, రెండు థర్మోస్టాట్లు, అర్థమైంది. కానీ రెండడుగుల ఎత్తువి మూడు పేరిస్తే ఆరడుగులు, దాని మీద గెక్కో పెడితే నిచ్చెనేసుకుని చూడాలి. పక్కన పెడదామంటే గోడకి రెండడుగులే మిగుల్తుంది, గెక్కోకి మూడడుగుల పెట్టె కావాలి. ఇండియా ట్రిప్ సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

గెక్కో గీత:
పెద్ద పాములే కదా, వెళ్ళే పది రోజుల ముందు ఆఖరి మేత పెట్టండి, ఐదు వారాలు తినకపోయినా ఏం కాదు, చలికాలం అవే మానేస్తాయి ఒక్కోసారి. తాళం ఒక ఫ్రెండ్‌కిచ్చి మూడు నాలుగు రోజులకోసారి నీళ్ళు మార్చమనండి, టెంపరేచర్ ఫోటో పంపమనండి. గెక్కోని మాత్రం అలా వదలకండి, పురుగులు వేసే ఇంట్లో దింపి వెళ్ళండి. డాలస్ అయితే నేనే తీసుకునేదాన్ని, నేనుండేది ఒహాయో.

వడ్రంగి మనవడు:
అన్నా, రాత్రి కాగితం మీద గీశా. పాముల పెట్టెల ఎత్తు ఒకటిన్నర అడుగులు చెయ్యి. ఒక్కో షీటులో సగం పైకీ కిందికీ పోద్ది. మిగతా సగంలో ఒకటిన్నర వెడల్పుది వెనక ముక్క, ఇంకో ఒకటిన్నరలో పక్కలు రెండూ, చివర్న 4×1 ముక్క మిగుల్తుంది, అదే ముందు పట్టీ. కత్తి మందం మూడు మిల్లీమీటర్లు ప్రతి కోతకీ పోతుంది, గాజు కొలత పెట్టె బిగించాకే ఇవ్వు. మూడూ పేరిస్తే నాలుగున్నర, పైన గెక్కో పెట్టె, కళ్ళ ఎత్తుకొస్తుంది. అరవై సార్, పట్టీ సరిపోయిందా?

అరవై టబ్బులు:
సరిపోద్ది. చక్రాలు పెట్టకు, అంత ఎత్తు మీద ఊగుద్ది. గోడకి బిగించు.