మూత తిప్పలేకపోవడం వయసు గుర్తా, కదలకపోవడం గుర్తా?

పాతసైకిల్ (చర్చ మొదలుపెట్టినవారు):
తల నెరవడం, ముడతలు అందరికీ కనిపించేవే. నేను అడిగేది పక్కవాళ్లకు తెలియకుండా మనకు మాత్రమే ముందుగా తెలిసే చిన్న మార్పుల గురించి. బిగిసిన మూత మొదటిసారికి రాదు. నేల మీంచి లేవబోతే చెయ్యి దానంతటదే మోకాలి మీదకు పోతుంది. నిలబడి ప్యాంటు తొడుక్కోవాలంటే గోడ కావాలి. ఫోన్ కాస్త దూరంగా పెడితే గానీ అక్షరాలు కుదురుగా కనపడవు. నలుగురూ ఒకేసారి మాట్లాడే చోట మాటలు వినపడతాయి, అర్థం కావు.

నా వాదన ఇది: ఇవన్నీ ఒళ్లు ముసలిదవుతోందని చెప్పే గుర్తులే. నలభై దాటితే ఎవరికైనా తప్పవు. మా తమ్ముడు మాత్రం "వయసు కాదన్నయ్యా, కుర్చీ" అంటాడు. ఎవరిది ఒప్పు?

బరువులబాబు:
మీ తమ్ముడికే నా ఓటు. 1966లో అమెరికాలోని డల్లాస్‌లో ఇరవై ఏళ్ల కుర్రాళ్లు ఐదుగురిని మూడు వారాల పాటు మంచం దిగనివ్వలేదు. అంతా అయ్యాక చూస్తే, శరీరం ఆక్సిజన్‌ని గరిష్ఠంగా వాడుకునే శక్తి నాలుగో వంతుకు పైగా పడిపోయింది. అసలు కథ తర్వాతది. ముప్ఫై ఏళ్లు గడిచాక అదే ఐదుగురిని మళ్లీ పిలిచి కొలిచారు. మధ్యలో బరువు పెరిగారు, పొట్టలొచ్చాయి. అయినా ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువని తేలింది. ఆరు నెలలు శిక్షణ ఇస్తే వయసుతో పోయిందంతా తిరిగి వచ్చింది కూడా.

ఇంకొకటి, 1990 నాటిది. వృద్ధాశ్రమంలో ఉంటున్న తొంభై ఏళ్ల వాళ్లతో ఎనిమిది వారాలు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. కాళ్ల బలం సగటున 174 శాతం పెరిగింది. తొంభైలో పెరిగేది నలభైలో పెరగదా? మీరు చెప్పినవన్నీ బద్ధకం గుర్తులు, అంతే.

చత్వారం_చెల్లెమ్మ:
"అన్నీ" అన్న చోట ఆగండి బాబు గారూ. కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తాను, రోజూ చూసేదే కాబట్టి చెప్తున్నాను. ఫోన్ దూరం పెట్టుకోవడానికి బద్ధకంతో ఏ సంబంధమూ లేదు. కంట్లో లెన్స్ చిన్నప్పుడు మెత్తగా ఉంటుంది, దగ్గర వస్తువు చూడాలంటే ఉబ్బి ఆకారం మార్చుకుంటుంది. ఏటేటా అది కొంచెం కొంచెం గట్టిపడుతూ వస్తుంది. ఇది నలభైలో మొదలయ్యేది కాదు, బడి వయసు నుంచే జరుగుతూ ఉంటుంది. పిల్లలకు ఆ శక్తి అవసరానికి మించి ఉంటుంది కాబట్టి తగ్గినా తెలియదు. నలభైల్లోకి వచ్చేసరికి మిగులు అయిపోతుంది, అప్పుడు తెలుస్తుంది. రోజూ పరిగెత్తేవాళ్లకీ వస్తుంది, కుర్చీ వదలనివాళ్లకీ వస్తుంది.

కళ్ల వ్యాయామాలతో చత్వారం పోతుందని చెప్పే వీడియోలు చూసి నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. పోదండి. అద్దాలు పెట్టుకుంటే చూపు ఇంకా మందగిస్తుందన్న భయం కూడా వట్టిదే. దూరపు చూపు తక్కువున్నవాళ్లు కొందరు అద్దాలు తీసేసి హాయిగా చదువుకుంటూ "నాకు చత్వారం రాలేదు" అంటారు. వచ్చింది, దాక్కుంది.

బరువులబాబు:
సరే, కళ్లు మినహాయిస్తాను. మిగతావాటి మాట చెప్పండి.

ఎండపొడ:
చెవులు కూడా మినహాయించాల్సి వస్తుందేమో. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నని వెంట్రుకల కణాలు ఉంటాయి, మనిషిలో అవి పోతే మళ్లీ పుట్టవు. సన్నని, కీచు శబ్దాలు పట్టేవే ముందు దెబ్బతింటాయి. స, శ, ఫ లాంటి హల్లులు ఆ కీచు వైపు ఉంటాయి. అ, ఓ లాంటి అచ్చులు కింది స్థాయిలో, గట్టిగా ఉంటాయి. అందుకే సైకిల్ గారు చెప్పినట్టు గొంతు వినిపిస్తుంది, మాట చిక్కదు. చుట్టూ రొద ఉంటే మరీ. అయితే ఇక్కడ వయసు ఒక్కటే దోషి కాదు. ఇయర్‌ఫోన్లు, యంత్రాల మోత కూడా అదే కణాల్ని చంపుతాయి. అరవైలో చెవి పరీక్ష చేస్తే ఏది ఎంత పాడుచేసిందో విడదీయడం చాలా కష్టం.

చర్మం సంగతి ఇంకా తమాషా. 2012లో ఒక వైద్య పత్రికలో ఒక ట్రక్కు డ్రైవరు ఫొటో వచ్చింది. వయసు 69. ఇరవై ఎనిమిదేళ్లు లారీ తోలాడు. అమెరికాలో డ్రైవరు పక్క కిటికీ ఎడమ వైపు ఉంటుంది, దాని అద్దంలోంచి అతినీలలోహిత కిరణాల్లో 'ఎ' రకం లోపలికి వస్తుంది. ముఖం ఎడమ సగం లోతైన ముడతలతో, కుడి సగం కన్నా ఎంతో ముసలిగా ఉంది. ఒకే మనిషి, ఒకే పుట్టినరోజు. ఇప్పుడు చెప్పండి, ఎడమ చెంప మీదున్నది వయసా?

ఒంటికాలి_కొంగ:
నా పేరు చూసి నవ్వకండి, ఒంటికాలి పరీక్ష గురించి చెప్పడానికే వచ్చాను. 2022లో బ్రెజిల్ పరిశోధకులు 51 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లు 1702 మందిని ఒక కాలి మీద పది సెకన్లు నిలబడమన్నారు. నిలబడలేకపోయిన వాళ్లలో ఆ తర్వాత ఏడేళ్లలో 17.5 శాతం మంది చనిపోయారు, నిలబడినవాళ్లలో 4.6 శాతం. ఇంతకన్నా పెద్ద గుర్తు ఏం కావాలి? ఇప్పుడే లేచి నిలబడి చూసుకోండి, గోడ పక్కన.

లెక్కలమాస్టారు:
కొంగ గారూ, ఆ రెండు అంకెల్నీ అలా పక్కపక్కన పెడితే జనం హడలిపోతారు. నిలబడలేనివాళ్లు సగటున వయసులో పెద్దవాళ్లు, వాళ్లలో షుగరు, ఊబకాయం, గుండె జబ్బులు కూడా ఎక్కువ. అవన్నీ లెక్కలో సర్దాక మిగిలిన తేడా 84 శాతం ఎక్కువ ముప్పు. అదీ చిన్నది కాదు, ఒప్పుకుంటాను. కానీ నాలుగు రెట్లకీ, రెండు రెట్లకన్నా తక్కువకీ ఎంత తేడా! పైగా వ్యాయామం అలవాటు ఎంతో ఆ లెక్కలో సర్దలేదు. అంటే బాబు గారు చెప్పే బద్ధకం అందులో కలిసిపోయే ఉండొచ్చు.

పట్టు బలం సంగతీ అంతే. 17 దేశాల్లో సుమారు లక్షా నలభై వేల మంది చేతిపట్టు కొలిచి 2015లో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. పట్టు ఐదు కిలోలు తగ్గిన కొద్దీ మరణం ముప్పు 16 శాతం ఎక్కువగా కనిపించింది. దాన్ని చదివి స్ప్రింగు కొనుక్కుని పిసికేవాళ్లను చూశాను. చేతిపట్టు మొత్తం ఒంటి కండకు ఒక కొలత మాత్రమే. థర్మామీటర్‌ని చన్నీళ్లలో ముంచితే జ్వరం తగ్గదు కదా.

నడక వేగం కొంచెం గట్టి కొలత అని నా అభిప్రాయం. 65 దాటినవాళ్లు ముప్ఫై నాలుగు వేల మందికి పైగా ఉన్న లెక్కల్ని 2011లో కలిపి చూస్తే, మామూలు నడక సెకనుకు 0.8 మీటరు ఉన్నవాళ్ల ఆయుష్షు ఆ వయసువాళ్ల సగటుకు దగ్గరగా ఉంది. వేగం తగ్గే కొద్దీ తగ్గింది, పెరిగే కొద్దీ పెరిగింది. నడవాలంటే గుండె, ఊపిరితిత్తులు, నరాలు, కళ్లు, కీళ్లు అన్నీ ఒకేసారి పనిచేయాలి మరి. ఏది చెడినా నడకలో తేలుతుంది. కానీ ఏది చెడిందో నడక చెప్పదు.

పాతసైకిల్:
మాస్టారూ, నాకు కావలసిన మాట ఇదే. అన్నీ కలిసి మెల్లగా చెడటాన్నే కదా ముసలితనం అంటాం. బాబు గారూ, మీ డల్లాస్ కథలో ఒక ముక్క వదిలేశారు. యాభైలో శిక్షణ ఇస్తే తిరిగొచ్చింది ఇరవైలో పరీక్షకు ముందున్న స్థాయి వరకే. ఇరవైలో శిక్షణ పొంది ఎక్కిన ఎత్తుకు యాభైలో ఐదుగురిలో ఒక్కరూ చేరలేదు.

ఫ్రాన్స్ సైకిల్ తాత రాబర్ మర్షాన్‌ని తీసుకోండి. 101వ ఏట నుంచి 103 వరకు శిక్షణతో ఆక్సిజన్ సామర్థ్యం పెంచుకున్నాడు, నిజంగా అబ్బురమే. 2014లో 102 ఏళ్ల వయసులో గంటకు 26.927 కిలోమీటర్లు తొక్కాడు. 2017లో 105 ఏళ్లకు 22.547. ఆయనకన్నా శ్రద్ధగా సాధన చేసిన ముసలాయన్ని చూపించగలరా? మూడేళ్లలో నాలుగు కిలోమీటర్లు ఎక్కడికి పోయాయి? కుర్చీలోకా?

బరువులబాబు:
105 ఏళ్ల మనిషిని తెచ్చి 46 ఏళ్ల మీ మూత తిప్పలేని చేతికి సాక్ష్యం చెప్పిస్తున్నారు. వయసు లేదని నేనెప్పుడూ అనలేదు. ముప్ఫై దాటాక పదేళ్లకు మూడు నుంచి ఎనిమిది శాతం కండ తగ్గుతుందని మా రంగంలో అందరూ చెప్పేదే. నలభై ఆరుకి ఆ లెక్కన పోయేది మూత తిప్పలేనంత కాదు. మిగతాది మీరే పోగొట్టుకున్నారు అంటున్నాను.

గోరింటపొద:
మీ ఇద్దరి మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. వాడకంతో సంబంధం లేని గుర్తు ఒకటుంది: గోళ్లు. విలియం బీన్ అనే అమెరికన్ డాక్టరు తన బొటనవేలి గోరు ఎంత పెరుగుతుందో ముప్ఫై అయిదేళ్లు కొలిచాడు. 32 ఏళ్లప్పుడు రోజుకు 0.123 మిల్లీమీటరు, 67 ఏళ్లప్పుడు 0.095. గోరుకు బద్ధకం ఉండదు, కుర్చీ ఉండదు. అలాంటి పని పెట్టుకున్న మనిషి ఓపికకు దండం పెట్టాలి గానీ, నాకు మాత్రం ఇక్కడ చెప్పుకున్న అన్ని అధ్యయనాల కన్నా అదే ఇష్టం.

నడిరాత్రి_మెలకువ:
చర్చ సరదాగానే ఉంది కానీ నాకు కోపం వస్తోంది, ఎందుకో చెప్తాను. మా అమ్మ నడక నిదానించింది. చలి అనేది. పేర్లు మరిచిపోయేది, మాట కూడా మందగించింది. మేమందరం "వయసు కదమ్మా" అన్నాం. చూపించిన మొదటి డాక్టరు కూడా అదే అన్నాడు. చాలా కాలం తర్వాత ఇంకో డాక్టరు రక్తపరీక్ష రాస్తే థైరాయిడ్ బాగా తక్కువని తేలింది. రోజుకో మాత్రతో మనిషి లేచి తిరిగింది. మీరు వయసా బద్ధకమా అని కొట్టుకుంటున్నారు, మూడో సంగతి జబ్బు. దాని పేరు ఇంతవరకూ ఎవరూ ఎత్తలేదు.

ఫిజియో_పిన్ని:
మెలకువ గారూ, మంచి మాట అన్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లలో "వయసేలే" అని ఆలస్యం చేసుకున్నవాళ్లే ఎక్కువ. నేను చూసే పద్ధతి చెప్తాను. వయసుతో వచ్చేది మెల్లగా వస్తుంది, సాధారణంగా రెండు వైపులా వస్తుంది. ఒక చేతి పట్టే తగ్గితే, ఒక చెవే మందగిస్తే, వారాల్లోనే తేడా వస్తే, దాన్ని వయసు ఖాతాలో వేయకండి. చెయ్యి, ముఖం ఒక పక్కకి హఠాత్తుగా పడిపోతే అది పక్షవాతం కావచ్చు, చర్చ మానేసి ఆసుపత్రికి పరుగెత్తాలి. వాసన తెలియకపోవడం వయసుతో సహజమే అయినా, పార్కిన్సన్ జబ్బులో వణుకు కన్నా ఏళ్ల ముందే వాసన పోవచ్చు. నలభై తర్వాత పదేళ్లకు ఒక సెంటీమీటరు ఎత్తు తగ్గడం మామూలే, వెన్నుపూసల మధ్య మెత్తలు పలచబడతాయి. నాలుగు సెంటీమీటర్లు తగ్గితే మాత్రం వెన్నుపూస ఎక్కడో నలిగిందేమో చూడాలి. అలాంటి విరుగుళ్లు చాలామందిలో నొప్పి లేకుండానే జరుగుతాయి. మోకాళ్లు టకటకమనడం మాత్రం, నొప్పి, వాపు లేకపోతే, దేనికీ గుర్తు కాదు. దాని గురించి నన్ను అడిగినంతగా ఇంకేదీ ఎవరూ అడగరు.

ఇక సైకిల్ గారికీ బాబు గారికీ. కండలో వేగంగా పనిచేసే పోగులు, నిదానంగా పనిచేసే పోగులు వేరు. వయసుతో ముందు సన్నబడేవి వేగంవి. అందుకే మెట్లెక్కడం బాగానే ఉన్నవాళ్లు కూడా కాలు జారినప్పుడు నిలదొక్కుకోలేరు, చటుక్కున లేవలేరు. అది వయసే. కానీ ఆ పోగులే బరువుకు, వేగంగా చేసే వ్యాయామానికి బాగా స్పందిస్తాయి. నడక ఒక్కటే చేస్తే వాటికి పెద్దగా పని పడదు. మీరిద్దరూ సగం సగం చెప్తున్నారు, వయసు తీసుకుపోయే చోటే వ్యాయామం తిరిగిస్తుంది.

పాతసైకిల్:
పిన్నీ, నడుస్తున్నాను కదా చాలనుకుంటున్నాను ఇన్నాళ్లూ. వేగంగా అంటే ఎలా? దూకాలా?

ఫిజియో_పిన్ని:
వద్దు నాయనా! కుర్చీలోంచి చేతులు ఆనించకుండా వేగంగా లేచి, నిదానంగా కూర్చోండి. తేలికయ్యాక చేతుల్లో బరువు పట్టుకోండి. కీళ్ల నొప్పులో గుండె జబ్బో ఉంటే ముందు డాక్టరుని అడగండి.

లెక్కలమాస్టారు:
బాబు గారికి ఒక చివరి ప్రశ్న. గరిష్ఠ గుండె వేగం ఏ శిక్షణతో పెరుగుతుంది?

బరువులబాబు:
పెరగదు, తెలుసు. అది ఏటేటా తగ్గేదే. నా దగ్గరికొచ్చేవాళ్లు ఇప్పటికీ 220 లోంచి వయసు తీసేస్తారు, నేను 208 లోంచి వయసుకి 0.7 రెట్లు తీసేయమంటాను. డెబ్భై ఏళ్ల మనిషికి మొదటి లెక్కలో 150 వస్తుంది, రెండో లెక్కలో 159. అయినా ఒకే వయసున్న ఇద్దరి మధ్య పదికి పైగా తేడా మామూలే, వాచీ చూపించే అంకెను పట్టుకుని టెన్షన్ పడొద్దు. కళ్లు, గోళ్లు, గుండె వేగం మీకిచ్చేశాను మాస్టారూ. కాళ్లు, చేతులు మాత్రం ఇవ్వను.

లెక్కలమాస్టారు:
కాళ్లూ చేతులూ మీ దగ్గరే ఉండనివ్వండి. న్యూజిలాండ్‌లోని డనీడిన్‌లో ఒకే ఏడాది కాలంలో పుట్టినవాళ్లను చిన్నప్పటి నుంచి గమనిస్తున్నారు. 38 ఏళ్లకు వాళ్ల అవయవాల పనితీరు కొలిచి లెక్కగడితే ఒంటి వయసు 28 నుంచి 61 వరకు వచ్చింది. ఆ తేడాలో ఎంత అలవాట్లది, ఎంత పుట్టుకది అన్న దాని మీద వేరే చర్చ పెడితే వస్తాను.