ఫ్రిస్కోలో కొత్త టీవీకి యాంటెన్నా పెట్టాను, ఛానెల్ 8 మాత్రం రావట్లేదు

దివిసీమ అబ్బాయి (ఫ్రిస్కో, టెక్సస్):

అందరికీ నమస్కారం. ఈ మధ్యే 65 అంగుళాల టీవీ కొన్నాం. కేబుల్ తీసేసి నాలుగేళ్లయింది, ఏం చూసినా ఇంటర్నెట్ మీదే. అమ్మానాన్న ఏప్రిల్‌లో వచ్చారు. పోయిన వారం రాత్రి గాలివాన మొదలై సైరన్ మోగింది. సరిగ్గా అప్పుడే ఇంటర్నెట్ పోయింది. కరెంటు ఉంది, అంత పెద్ద టీవీ ఉంది, తెర మీద మాత్రం గుండ్రంగా తిరిగే గుర్తు తప్ప ఏమీ లేదు. పాపతో సహా ఐదుగురం మెట్ల కింద అరలో కూర్చున్నాం. "గాలి ఎటు పోతోందో చెప్పేవాళ్లే లేరా ఈ ఊళ్లో?" అని నాన్న అడుగుతూనే ఉన్నారు. 1977 ఉప్పెన నాటికి ఆయనకు పదకొండేళ్లు. గాలివాన అంటే రేడియో పక్క నుంచి కదలని మనిషి. ఆ రాత్రి ఆయనకు జవాబు చెప్పలేకపోయాను.

మర్నాడే ముప్ఫై డాలర్లు పెట్టి, అట్టముక్కలా పల్చగా ఉండే యాంటెన్నా తెచ్చాను. డబ్బా మీద "హెచ్‌డీ, 80 మైళ్లు" అని రాసుంది. టీవీ వెనక గోడకు అంటించి స్కాన్ చేస్తే ఒక్క ఛానెల్ కూడా రాలేదు. సెట్టింగ్స్‌లో "కేబుల్" అని ఉంటే "యాంటెన్నా"కు మార్చాను. అప్పుడు 4, 5, 11 వచ్చాయి, అవీ మధ్యమధ్యలో గళ్ళు గళ్ళుగా ఆగిపోతున్నాయి. 13 వస్తూ పోతూ ఉంది. 8 అయితే స్కాన్‌లోనే పడట్లేదు. ఇర్వింగ్‌లో మా బావమరిది ఇంట్లో నాన్న చూసింది ఆ 8నే, వాతావరణం వాళ్లు బాగా చెబుతారని ఆయనకు గురి. సిగ్నల్ పెంచే బూస్టర్ పెట్టినా తేడా లేదు. అటక మీద పెద్దది బిగిద్దామా అనుకుంటున్నాను. తెలిసినవాళ్లు చెప్పండి.

ప్లేనో పద్మ:

తమ్ముడూ, 80 మైళ్ల మాట వదిలెయ్. హెచ్‌డీ యాంటెన్నా అని వేరే ఏమీ ఉండదు, 2009 జూన్ 12న పాత అనలాగ్ ప్రసారాలు ఆపేసినా గాలిలో వచ్చే తరంగాలు అవే. మా ఇంట్లో పన్నెండేళ్లుగా నడుస్తున్నది పాత రకం యాంటెన్నానే.

నీ అసలు సమస్య వేరు. తెర మీద కనిపించే నంబరు ఒకటి, స్టేషన్ నిజంగా ప్రసారం చేసే ఛానెల్ ఇంకొకటి. 4 అని కనిపించేది 35లో వస్తుంది, 5 వచ్చేది 24లో, 11 వచ్చేది 19లో, 13 వచ్చేది 14లో. ఇవన్నీ యూహెచ్‌ఎఫ్, అంటే పొట్టి తరంగాల ఛానెళ్లు. 8 మాత్రం నిజంగానే 8లోనే వస్తుంది, అది వీహెచ్‌ఎఫ్. దాని తరంగం చాలా పొడుగు. నువ్వు కొన్న అట్టముక్క లాంటివి యూహెచ్‌ఎఫ్‌కే సరిపోతాయి, 8ని సరిగా అందుకోవు. ఎంత బూస్టర్ పెట్టినా అందుకోనిది పెరగదు కదా.

కొనేటప్పుడు "వీహెచ్‌ఎఫ్ హై" (8 వచ్చే భాగం) కూడా అందుకుంటుందని రాసి ఉన్నది చూడు. ఈలోపు పరీక్షకి, రెండు కొమ్ములుండే పాత రకం దొరికితే ఒక్కో కొమ్మును పదిహేను అంగుళాలు లాగి, రెంటినీ అడ్డంగా చాపి పెట్టు. 8 కొలత అది.

టవర్లన్నీ సీడర్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి దాదాపు 40 మైళ్లు, దక్షిణానికి కాస్త పడమరగా. మీ టీవీ ఏ గోడకు ఉంది?

దివిసీమ అబ్బాయి:

ఉత్తరపు గోడకు అక్కా. వెనకంతా ఇటుక. ఇప్పుడర్థమైంది.

మెకిన్నీ శ్రీను:

అటక ఎక్కే ముందు టార్చి వేసి పైకప్పు లోపలి వైపు చూడండి. ఇక్కడి కొత్త ఇళ్లలో చాలావాటికి వేడి ఆపడానికి చెక్కలకు వెండి రేకు అంటించి ఉంటుంది. అది సిగ్నల్‌ని కూడా ఆపేస్తుంది. నేను ఆ సంగతి తెలియక ఆగస్టులో రెండు పూటలు ఆ ఉక్కలో చెమటలు కక్కాను. రేకు ఉంటే అటక ఆలోచన మానుకోండి. మేడ మీద దక్షిణం వైపు కిటికీ ఉంటే అక్కడ పెట్టండి.

అక్కడి నుంచి కిందికి కొత్త వైరు లాగక్కర్లేదు. ప్రతి గదిలో గోడకు కేబుల్ సాకెట్ ఉంటుంది కదా, ఆ వైర్లన్నీ బట్టల గదిలోనో లాండ్రీలోనో గోడలో ఒక పెట్టెలోకి వస్తాయి. మేడ గది వైరునీ, టీవీ ఉన్న గది వైరునీ అక్కడ రెండు వైపులా మర ఉండే చిన్న జాయింటుతో కలిపేయండి. మధ్యలో ఒక వైరు సిగ్నల్‌ని చాలా వైర్లకు పంచే స్ప్లిటర్ ఉంటే తీసేయండి, రెండు దారులదైనా సిగ్నల్‌లో సగం తినేస్తుంది.

ఇంకోటి. పాతరోజుల్లో తిప్పుతుంటే చుక్కలు తగ్గి బొమ్మ మెల్లగా తేలేది. ఇప్పుడు బొమ్మ ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే గళ్ళు పడి ఆగిపోవడమో నల్లతెరో. కొంచెం తిప్పాక ఐదారు సెకన్లు ఆగి చూడండి, టీవీ పట్టుకోవడానికి ఆ మాత్రం టైమ్ పడుతుంది.

రిచర్డ్‌సన్ వాసి:

2019 అక్టోబరు 20 రాత్రి టోర్నడో మా వైపు వచ్చినప్పుడు కరెంటు కూడా పోయింది. యాంటెన్నా ఉండీ లాభం లేకపోయింది. బ్యాటరీతో నడిచే వెదర్ రేడియో ఒకటి కొనండి. అందులో మీ కౌంటీ ఎంచుకుంటే హెచ్చరిక రాగానే నిద్రలో ఉన్నా లేపుతుంది. మీ నాన్నగారికి రేడియో అలవాటే అంటున్నారు కాబట్టి ఇది ఆయన మంచం పక్కన పెట్టండి.

దివిసీమ అబ్బాయి:

పద్మక్కా, శ్రీను గారూ, చాలా చాలా థాంక్స్. అటకలో టార్చి వేసి చూస్తే మీరన్నట్టే అంతా తళతళలాడే రేకు. దిగొచ్చేసి, మేడ మీద పాప ఆడుకునే గదిలో దక్షిణపు కిటికీ పైన పెట్టాను. వీహెచ్‌ఎఫ్ కడ్డీలున్న యాంటెన్నా, 60 డాలర్లు పడింది. పెట్టె మా లాండ్రీ గదిలో దొరికింది, అందులో ఎనిమిది దారుల స్ప్లిటర్ ఉంది. తీసేసి జాయింటు వేశాను. నాన్న కింద టీవీ దగ్గర ఫోన్ పట్టుకుని కూర్చున్నారు, నేను పైన తిప్పుతూ ఐదు లెక్కపెట్టి అడుగుతున్నాను. నాలుగోసారికి "ఆగు, ఆగు, కదపకు!" అన్నారు. 8 వచ్చింది. మిగతావీ ఆగకుండా వస్తున్నాయి. 13.2లో పిల్లల కార్యక్రమాలు ఉన్నాయని పాప కనిపెట్టింది.

వెదర్ రేడియో కూడా ఆర్డర్ పెట్టాను. ఒక్కటే మిగిలింది: రాత్రిపూట ఆ గదిలో లైటు వేస్తే 8 గళ్ళు పడుతోంది, మిగతావి బాగానే ఉంటున్నాయి. ఆర్పితే మళ్లీ మామూలే.

ప్లేనో పద్మ:

చవక ఎల్‌ఈడీ బల్బు అయ్యుంటుంది. వాటి రొద వీహెచ్‌ఎఫ్ మీదే ఎక్కువగా పడుతుంది. వేరే కంపెనీ బల్బు వేసి చూడు. బాబాయిగారిని అడిగానని చెప్పు.