జ్యూరీ డ్యూటీ తప్పించుకోవడానికి ఓటరుగా నమోదు కాకుండా ఉండటం సబబేనా?

గోదారిగట్టు:
డాలస్‌లో మా మిత్రుల వాట్సాప్ బృందంలో ఒక సలహా తిరుగుతోంది. పౌరసత్వం వచ్చాక ఓటరుగా నమోదు కావద్దు, నమోదైతే ఆ జాబితాలోంచి పేరు తీసి జ్యూరీ డ్యూటీ, అంటే కోర్టు విచారణలో కూర్చుని తీర్పు చెప్పే సామాన్య పౌరుల పని, మెడకు చుడతారు అని. ఒకవేళ నోటీసు వస్తే ఇంగ్లీషు సరిగా రాదని చెప్పమంటున్నారు. ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే ఉద్యోగం చేస్తున్నవాళ్లు కోర్టులో నిలబడి ఆ మాట ఎలా అంటారు? మనం పౌరసత్వ పరీక్షకు బట్టీ పట్టిన 100 ప్రశ్నల్లో ఒకటి గుర్తుందా? పౌరులకు మాత్రమే ఉన్న బాధ్యత ఒకటి చెప్పమంటారు. జ్యూరీలో కూర్చోవడం లేదా ఫెడరల్ ఎన్నికల్లో ఓటు వేయడం అనేది జవాబు. ఆ రెండూ వద్దనుకుంటే మిగిలేది ఏమిటి?

మున్నేరు:
పన్నులు మిగిలాయి. అవి ఒక్క ఏడాది కూడా ఎగ్గొట్టకుండా కడుతున్నాం. నేను గంటల లెక్కన డబ్బు తీసుకునే కాంట్రాక్టరును. ఫెడరల్ కోర్టు జ్యూరీకి రోజుకు 50 డాలర్లు ఇస్తుంది. విచారణ వారాల తరబడి సాగితే నా ఇంటి వాయిదా ఎవరు కడతారు? పైగా చట్టం చదవని పన్నెండు మంది తీర్పు చెప్పడం ఏమిటి? భార్య ప్రియుణ్ణి కాల్చి చంపిన నౌకాదళ అధికారి నానావతి కేసులో జ్యూరీ 8–1తో నిర్దోషి అంది, బొంబాయి హైకోర్టు దోషి అని తేల్చింది. అందుకే మన దేశంలో జ్యూరీనే ఎత్తేశారు.

పెరటిజామ:
ఓటరు జాబితా ఒక్కటే కాదండీ. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సుల జాబితా నుంచి కూడా పేర్లు తీస్తారు. గ్రీన్ కార్డు మీద ఉన్నప్పుడే నాకు నోటీసు వచ్చింది. పౌరురాలిని కానని గడి నింపి పంపాను. ఓటు వదులుకున్నా జ్యూరీ వదలదు.

గోదారిగట్టు:
మున్నేరు గారూ, ఆ 50 డాలర్లు అన్యాయమే, కాదనను. నిజమైన ఇబ్బంది ఉంటే మరో తేదీ అడగవచ్చు, మినహాయింపూ అడగవచ్చు. అబద్ధం ఎందుకు? 1776 స్వాతంత్ర్య ప్రకటనలో ఇంగ్లండు రాజు మీద మోపిన నేరాల్లో జ్యూరీ విచారణ దక్కకుండా చేశాడన్నది ఒకటి. తరువాత రాజ్యాంగం మూడో అధికరణంలో ఆ హక్కు రాశారు, అది చాలదని ఆరో సవరణలోనూ, సివిల్ దావాలకు ఏడో సవరణలోనూ రాశారు. ఓటుతో మనం ఇంకొకరిని పంపుతాం. జ్యూరీలో మాత్రం సామాన్యుడే కూర్చుని ప్రభుత్వ లాయరును నిలదీసినంత పని చేస్తాడు. తీవ్ర నేరాల్లో జ్యూరీ మొత్తం ఏకగ్రీవంగా ఒప్పుకుంటేనే శిక్ష అని 2020లో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలకూ తేల్చి చెప్పింది.

మున్నేరు:
నానావతి కేసుకు జవాబు రాలేదు.

చెరువుకట్ట:
ఆ హత్య జరిగింది 1959లో. జ్యూరీని రద్దు చేయాలని లా కమిషన్ 1958లోనే సిఫారసు చేసింది. పూర్తిగా పోయింది 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో. ఒక్క కేసు వల్ల రద్దయిందనడం సరికాదు.

మున్నేరు:
ఏ సంవత్సరమైతేనేమి? తీసేశారా, లేదా?

గోదారిగట్టు:
అక్కడ తీసేస్తే ఇక్కడి బాధ్యత పోతుందా? చెయ్యెత్తి ఈ రాజ్యాంగాన్ని కాపాడతామని ప్రమాణం చేశాం. అది పాస్‌పోర్టు కోసం అప్పజెప్పిన పాఠమేనా? మీలాంటి వాళ్ల వల్లే మనవాళ్లకు డబ్బు తప్ప ఇంకేమీ పట్టదన్న పేరు వస్తోంది.

మున్నేరు:
నోరు జారకండి. నేను వెళ్లలేదనుకున్నారా? నోటీసు వస్తే పని మానుకుని వెళ్లాను. ఎంపిక జరిగేటప్పుడు ఒక లాయరు నన్ను ఏ దేశం నుంచి వచ్చారని అడిగాడు. నా పక్కన కూర్చున్న తెల్లాయనను మాత్రం ఏ ఊళ్లో పనిచేస్తారని అడిగాడు. సాయంత్రం నా నంబరు చదివి వెళ్లిపొమ్మన్నారు. కారణం చెప్పలేదు, చెప్పనవసరం లేదట. ఆ హాలంతా వెతికినా మనలాంటి ముఖం ఇంకొకటి కనిపించలేదు. మనది అని వాళ్లు అనుకోని చోట మనం మాత్రం ఎందుకు పాకులాడాలి?

పెరటిజామ:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే బాగుండేది కదా అన్నయ్యా.

గోదారిగట్టు:
కారణం చెప్పకుండా తీసేసే హక్కు లాయర్లకు కొంతవరకు ఉంది, కానీ జాతి చూసి తీసేయకూడదని 1986లో బాట్సన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీకు జరిగింది అదే అయితే తప్పు ఆ లాయరుది. 1923లో ఇదే సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ తెల్లవాడు కాదని, పౌరసత్వానికి అర్హుడు కాదని అంది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన మనిషి ఆయన. భారతీయులకు ఆ తలుపు 1946లో గానీ తెరుచుకోలేదు. అలాంటిది, ఇవాళ ఆ హాల్లో మన ముఖం ఇంకొకటి లేదంటే, ఓటరుగా నమోదు కావద్దన్న సలహాకూ అందులో పాలుంది.

మున్నేరు:
అవమానం పడింది నేను, పాఠం కూడా నాకేనా?

వరుసలో_ఉన్నాను:
మీరిద్దరూ ఉన్న హక్కును వాడాలా, పారేయాలా అని పోట్లాడుకుంటున్నారు. గ్రీన్ కార్డు క్యూలో నా తేదీ 2014. పన్ను కడతాను, మా పిల్లలు చదివే స్కూలు బోర్డుకు ఓటు వేయలేను.

చెరువుకట్ట:
బాధ అర్థమైంది. గ్రీన్ కార్డు సంగతికి వేరే చర్చ మొదలుపెట్టండి, ఇది జ్యూరీ గురించి.

వరుసలో_ఉన్నాను:
వేరే చర్చ కాదు. ఏటా ఇచ్చే గ్రీన్ కార్డుల్లో ఏ దేశానికైనా 7 శాతమే అన్న పరిమితిని మార్చాల్సింది కాంగ్రెస్. 2019లో ప్రతినిధుల సభ 365–65తో ఆమోదించిన బిల్లు చట్టం కాకుండానే పోయింది. సెనెటర్ ఆఫీసుకు నేను ఫోను చేస్తే విని పెట్టేస్తారు, ఎందుకంటే నాకు ఓటు లేదు. మున్నేరు గారూ, మీకు ఉంది. కోర్టులో ఆ లాయరు చేసినదానికి, నమోదు కాకుండా ఉండి మీరు శిక్షిస్తున్నది ఎవరిని?