అప్‌డేట్: 78 వేల ప్లేట్‌లెట్లతో సిజేరియన్ అయింది

పోయిన వారం అడిగింది నేనే: కడపలో మా ఆవిడకు సిజేరియన్, ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) తక్కువగా 82 వేలే, వెన్నుకు మత్తా, పూర్తి మత్తా అని. పాప పుట్టింది, ఇద్దరూ బాగున్నారు.

ఆ రోజు పొద్దున మళ్లీ పరీక్ష చేస్తే 78 వేలు. నాకు టెన్షన్. మత్తు డాక్టరమ్మ మాత్రం అంకె ఒక్కటే చూడలేదు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందా, ఒంటిమీద కమిలిన మచ్చలున్నాయా అని అడిగి, బీపీ, పాత రిపోర్టులు చూశారు. 70 వేల పైన ఉండి, కౌంట్ గబగబా పడిపోకపోతే సూది వేసిన చోట వెన్నులో రక్తం కారి, గడ్డగా పేరుకుని నరాలను నొక్కే ప్రమాదం చాలా తక్కువట. పూర్తి మత్తయితే గర్భిణులకు గొంతులో గొట్టం వేయడం కష్టం కావచ్చన్నారు. చివరికి సన్న సూదితో వెన్నుకే ఇచ్చారు.

నరాల మీద ఒత్తిడేమీ పడలేదని చూడటానికి సాయంత్రం దాకా నర్సు వచ్చి "కాలి వేళ్లు ఆడించమ్మా" అంటూనే ఉంది. ప్లేట్‌లెట్లు పెరుగుతాయని మా అత్తమ్మ తెచ్చిన బొప్పాయాకు రసం సీసాలోనే ఉండిపోయింది.