తుపాను రాత్రి వీధిలో ఉన్న బండికి సైడ్ స్టాండా, సెంటర్ స్టాండా?

వేదాయపాళెం:
బంగాళాఖాతంలో మళ్లీ అల్పపీడనం అంటున్నారు. మాది నెల్లూరులో అద్దె ఫ్లాటు. బండి 125 సీసీ. రాత్రిళ్లు వీధిలోనే, కాంపౌండు గోడ పక్కన వేపచెట్టు కింద పెడతాను. పోయినసారి గాలికి కుడిపక్కకు పడిపోయింది. బ్రేక్ లివర్ విరిగింది, ట్యాంకు సొట్టపోయింది, తెల్లారేసరికి పెట్రోలు చాలావరకు కారిపోయింది. అప్పుడు సైడ్ స్టాండ్ వేసి, పైన కవర్ కప్పి ఉంది. ఈసారి ఏ స్టాండ్ వెయ్యాలి? కవర్ ఉంచాలా, తీసెయ్యాలా?

కావలి మెకానిక్:
సెంటర్ స్టాండే. ఇందులో రెండో మాట లేదు. వానకు నానిన మట్టిలో సైడ్ స్టాండ్ కాలు దిగబడిపోతుంది. గాలివాన తర్వాత నా షెడ్డుకు వచ్చే బళ్లలో ఎక్కువ ఎడమపక్క పడినవే. క్లచ్ లివర్, గేర్ రాడ్డు, ఫుట్‌రెస్టు పోయి ఉంటాయి. సెంటర్ స్టాండ్‌కు రెండు కాళ్లు, పైగా ఒక చక్రం నేల మీద ఉంటుంది. కింద కడప బండ ముక్క వేస్తే అదీ దిగదు. కవర్ మాత్రం తీసెయ్ తమ్ముడూ. లోపలికి గాలి దూరిందంటే పడవకు తెరచాప ఎత్తినట్టే. వానకు తడిస్తే బండికి ఏమీ కాదు, పడితేనే ఖర్చు.

ఒంగోలు బుల్లెట్:
మెకానిక్ అన్నా, మట్టి సంగతి వదిలెయ్, సిమెంటు రోడ్డు సంగతి చెప్పు. సెంటర్ స్టాండ్ ఎక్కిస్తే బండి బరువు ఇంకాస్త పైకి లేస్తుంది, ఆ కాళ్ల మధ్య ఎడం చాలా తక్కువ. వెనక చక్రం గాల్లో ఉంటే గేర్‌లో పెట్టినా ఉపయోగం లేదు. వెనకనుంచి గట్టిగా తోస్తే ముందుకు జారి స్టాండ్ దిగిపోతుంది. సైడ్ స్టాండ్ వేసి, ఫస్ట్ గేర్‌లో పెట్టి, హ్యాండిల్ ఎడమకు తిప్పి లాక్ చేసి, గాలి కుడివైపు నుంచి కొట్టేలా నిలబెట్టాలి. అప్పుడు గాలే బండిని స్టాండ్ మీదికి అదుముతుంది. వేదాయపాళెం తమ్ముడి బండి కుడికి పడిందంటే గాలి ఎడమనుంచి వచ్చిందని అర్థం. నా 350 సీసీ బండి మిచౌంగ్ తుపాను రాత్రి కూడా కదల్లేదు.

ముత్తుకూరు:
ముందు ఇన్సూరెన్స్ కాగితం తీసి చూడండి. 2018 సెప్టెంబరు నుంచి కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. దాంతో ఐదేళ్లూ అన్నీ ఉన్నాయనుకుంటారు. థర్డ్ పార్టీలో మన బండికి రూపాయి రాదు. తుపాను, వరద, చెట్టు పడటం మన బండి నష్టానికిచ్చే ఓన్ డ్యామేజీ కిందికి వస్తాయి.

కావలి మెకానిక్:
బుల్లెట్ అన్నా, గాలి రాత్రంతా ఒకే దిక్కునుంచి వస్తుందని నీకెవరు చెప్పారు? మన దగ్గర తుపాను గడియారం ముల్లుకు ఎదురు తిరుగుతుంది. నువ్వన్న మిచౌంగే చూడు. నెల్లూరు తీరం పక్కన సముద్రంలో ఉత్తరానికి పాకి, 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. అది మనకు దక్షిణాన ఉన్నప్పుడు ఈశాన్యం గాలి. ఎదురుగా వచ్చేసరికి ఉత్తరం గాలి. దాటి పైకి పోయాక పడమటి గాలి. ముందు కుడినుంచి కొట్టిన గాలి తెల్లారుజామున ఎడమనుంచి కొడుతుంది. అప్పుడు కరెంటు లేని చీకట్లో లేచి బండి తిప్పి పెడతావా? ఇంకో మాట, గాలి వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. మామూలు రోజు నిలబడిన లెక్క తుపానుకు పనికిరాదు.

ఒంగోలు బుల్లెట్:
అందుకే కుడిపక్క గోడ ఉండేలా పెట్టుకోవాలి. ఎడమకు స్టాండ్, కుడికి గోడ. మరి సెంటర్ స్టాండ్ గొప్పదైతే మా పక్కింటాయన స్కూటీ ఎందుకు పడింది? సెంటర్ స్టాండ్ మీదే ఉండింది. నేరుగా నా బండి మీద పడి అద్దం, ఇండికేటర్ పోయాయి. డబ్బులు అడిగితే గాలికి పడితే నేనేం చేసేది అన్నాడు. ఇప్పటికీ మా మధ్య మాటల్లేవు.

కావలి మెకానిక్:
స్కూటీ వేరు, బైక్ వేరు. పక్కింటాయన మీద కోపం సెంటర్ స్టాండ్ మీద చూపించొద్దు.

చీమకుర్తి లారీ:
మీ ఇద్దరికీ దణ్ణం. లారీలో బైక్ ఎక్కించినప్పుడు మేం స్టాండ్‌ను నమ్ముకోం. ముందు ఫోర్కులు కాస్త కుంగేదాకా రెండు పక్కలా బెల్టు లాగి బిగిస్తాం. ఇక్కడినుంచి ఎక్కడికి పోయినా బండి పడదు. వీధిలో అయినా గట్టి గ్రిల్లో, కాంక్రీటు స్తంభమో చూసి రెండు వైపులా కట్టండి. ఒక పక్కే కడితే రెండో పక్కకు పడుతుంది.

మైపాడు:
లారీ అన్న మాట కరెక్టు. తాడు హ్యాండిల్‌కు కాదు, ఫ్రేముకు, కిందికి కట్టాలి. చెట్టుకు మాత్రం వద్దు. అయినా అన్నా, ఫ్లాటు అంటున్నారు, వీధిలో చెట్టు కింద పెట్టే ఖర్మేంది? కొమ్మ విరిగి పడితే ఏ స్టాండ్ కాపాడుతుంది? సెల్లార్ లేదా?

వేదాయపాళెం:
ఉంది. అద్దెకున్నవాళ్ల టూవీలర్లు బయట పెట్టాలని బోర్డు రాసి పెట్టారు. పోయినసారి సాయంత్రమే వాచ్‌మన్‌ను అడిగాను. ప్రెసిడెంటు ఒప్పుకోరు సార్, నా ఉద్యోగం పోతుంది అన్నాడు. ఆ రాత్రి స్తంభాల వెనక పది బళ్లు పట్టేంత ఖాళీ ఉంది. నేను కృష్ణపట్నంలో షిఫ్టు డ్యూటీ. బండి లేకపోతే జీతం లేదు.

పొగతోట ఫ్లాట్:
స్టాండ్ గురించి అడిగి ఇప్పుడు అసోసియేషన్ మీద పడ్డారు. నేను ఓనర్‌నే, రెండేళ్లు సెక్రటరీగా కూడా చేశాను. మా కష్టం కూడా వినండి. కారు పార్కింగ్‌కు విడిగా లక్షలు కట్టాం. పక్కన బైకులు పెట్టనిస్తే గీతలు పడతాయి. ఎవరు చేశారంటే ఒక్కరూ పలకరు. పైగా సెల్లార్ క్షేమం అనుకోవద్దు. 2015 నవంబరు వానలకు మా దాంట్లో నీళ్లు నిండి మోటార్లు వేసి తోడించాం. అప్పుడు బైకులున్నవాళ్లే మా మీదికి వచ్చారు.

కావలి మెకానిక్:
నీళ్ల మాట నిజం. సెల్లార్ రోడ్డుకంటే కిందికి ఉంటే అక్కడ పెట్టొద్దు. రోడ్డు మట్టానికే ఉంటే పెట్టుకోవచ్చు. బండి మునిగితే సెల్ఫ్ కొట్టొద్దు, కిక్కూ కొట్టొద్దు. సిలిండర్‌లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. అలా పాడైన ఇంజనుకు మామూలు పాలసీలో క్లెయిమ్ రావడం కష్టం. బ్యాటరీ వైరు పీకేసి, ప్లగ్గు విప్పి, ఎయిర్ ఫిల్టర్ తీసి షెడ్డుకు తోసుకు రండి. ఆయిల్ తెల్లగా మారి ఉంటే మొత్తం మార్చాలి.

ఒంగోలు బుల్లెట్:
పొగతోట సార్, లక్షలు కట్టాం అంటున్నారు. స్టిల్ట్ పార్కింగ్, అంటే బిల్డింగు కింద స్తంభాల మధ్య ఉండే పార్కింగ్, బిల్డర్ విడిగా అమ్ముకోవడానికి లేదని 2010లో సుప్రీంకోర్టే చెప్పింది. అది అందరిదీ.

పొగతోట ఫ్లాట్:
ఆ కేసు మహారాష్ట్ర ఫ్లాట్ల చట్టం మీద వచ్చింది. బిల్డర్‌కూ సొసైటీకీ మధ్య తగాదా. అద్దెవాళ్లకు హక్కుందని అందులో ఎక్కడుంది? ఉంటే చూపించండి. ఈ రోజు ఉండి రేపు పోయేవాళ్ల కోసం మేం కార్లు బయట పెట్టుకోవాలా?

వేదాయపాళెం:
ఈ రోజు ఉండి రేపు పోయేవాళ్లా? నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నది నేను, మా ఓనర్ కాదు. లిఫ్టు రిపేరుకూ, బోరుకూ వాటా అడిగినప్పుడు అద్దెవాడినని గుర్తు రాలేదు. కారు బయట పెట్టమని నేను ఎక్కడన్నాను? తుపాను హెచ్చరిక ఉన్న రాత్రి స్తంభం వెనక మూడడుగుల చోటు అడిగాను. మీరు గీతల గురించి మాట్లాడుతున్నారు, నేను ఉద్యోగం గురించి మాట్లాడుతున్నాను. ఇంకో విషయం. మా ఫ్లాటుకు కూడా పార్కింగ్ చోటు ఉంది. ఓనర్ హైదరాబాదులో ఉంటారు. ఆ చోటులో కమిటీలో ఉన్న ఒకాయన రెండో కారు పెడుతున్నారు.

మైపాడు:
ఇదీ అసలు సంగతి. ముందే చెప్పొచ్చు కదన్నా.

పొగతోట ఫ్లాట్:
అది వేరే విషయం. ఖాళీ చోటులో రెండో కారు పెట్టడం తప్పే, మా దగ్గరైతే ఒప్పుకోం. కానీ ఆ చోటు మీ ఓనర్‌ది. ఆయన అసోసియేషన్‌కు కాగితం రాసివ్వాలి. మీరు నేరుగా అడిగితే ఎవరూ ఇవ్వరు. బోర్డు మాత్రం తప్పని నేను అనను.

కావలి మెకానిక్:
చోటు దొరికినా సెంటర్ స్టాండే వెయ్ తమ్ముడూ, సెల్లార్‌లో నేల గట్టిగా ఉంటుంది.

ఒంగోలు బుల్లెట్:
స్తంభానికి ఆనించి సైడ్ స్టాండ్ వేస్తే చాలు.

వేదాయపాళెం:
మా ఓనర్‌కు ఫోన్ చేశాను. వాట్సాప్‌లో రాసిస్తానన్నారు. ప్రెసిడెంటు గారేమో సంతకం ఉన్న ఒరిజినల్ కాగితమే కావాలంటున్నారు. హైదరాబాదు నుంచి అది ఎల్లుండికి గానీ రాదు, గాలి రేపు రాత్రికే అంటున్నారు. కవర్ తీసేశాను, బండిని చెట్టు కిందనుంచి జరిపాను. లారీ అన్నా, ఆ బెల్టులు నెల్లూరులో ఏ షాపుల్లో దొరుకుతాయి?

చీమకుర్తి లారీ:
లారీ సామాన్ల షాపులో అడుగు. బిగించే రేచెట్ ఉన్నదే తీసుకో, నాలుగు కావాలి. అడుగున సిమెంటు స్తంభం ఉన్న గ్రిల్ అయితేనే కట్టు, ఉత్త మేకులు కొట్టిన గేటుకు వద్దు.