అప్‌డేట్: జలవిద్యుత్ అసెసర్ శిక్షణలో చేరాను

12 ఏళ్లుగా డ్యామ్‌ల దగ్గర సివిల్ పనులు చూస్తున్న నేను జలవిద్యుత్ ప్రాజెక్టుల సుస్థిరతను మదింపు చేసే అసెసర్‌ని కాగలనా అని పోయినేడాది ఇక్కడ అడిగాను. ధైర్యం చెప్పినవాళ్లందరికీ థ్యాంక్స్, చేరిపోయాను.

మదింపుకు కొలబద్ద 2021లో వచ్చిన అంతర్జాతీయ జలవిద్యుత్ సుస్థిరతా ప్రమాణం. అందులో మొత్తం 12 విభాగాలు. నీటి లభ్యత, పూడిక, కట్టడాల భద్రత నాకు తెలిసిన లోకమే. టెన్షన్ పెట్టింది పునరావాసం. ప్రాక్టీసు కోసం ఇచ్చిన ఫైలులో పరిహారం రిజిస్టరు నకలు ఉంది. అన్ని వరసల్లోనూ వేలిముద్రలున్నాయి, లెక్క సరిపోయింది, నేను టిక్కు పెట్టేశాను. "ఇందులో ఆడవాళ్ల పేరు ఒక్కటైనా ఉందా?" అని అడిగారు శిక్షణ ఇస్తున్న మేడమ్. మళ్లీ చూశాను. ఒక్కటీ లేదు. కాగితం, మనుషుల మాట, కళ్లతో చూసింది, మూడూ కలిస్తేనే సాక్ష్యం అని ఆ రోజు ఒంటబట్టింది. శ్రీశైలం ముంపులో ఊరు పోయిన మా అమ్మమ్మను ఈ ప్రశ్న ఎవరైనా అడిగారో లేదో!

తీస్తా-5 గురించి కూడా చదివాం. సిక్కింలోని ఈ 510 మెగావాట్ల కేంద్రానికి 2019 మదింపులో మంచి ఫలితాలు వచ్చాయి. 2023 అక్టోబరులో హిమానీనద (మంచు కరిగిన నీటి) సరస్సు తెగి వచ్చిన వరద దాన్నీ దెబ్బతీసింది. అందుకే వాతావరణ ముప్పు విభాగాన్ని రెండోసారి చదువుతున్నాను.

పరీక్ష ఇంకా ఉంది. ఆ తర్వాత అనుభవమున్న అసెసర్ వెంట ఫీల్డుకు వెళ్లాలని ఉంది.