రోజువారీ కారుకి ఆల్-వెదర్ టైర్లు (ఏడాది పొడవునా, స్నోలో కూడా వాడేవి) ఒక్క సెట్టు చాలా? క్రాస్‌క్లైమేట్ 2, వెదర్‌పీక్, వెదర్‌రెడీలలో ఏది?

నాలుగుచక్రాలు:
మామూలు ఫ్రంట్ వీల్ డ్రైవ్ సెడాన్, టైరు సైజు 205/55 ఆర్16, 91హెచ్. ఏడాదికి 12,000 మైళ్ళు, ఎక్కువ భాగం హైవే. చలికాలంలో పది పదిహేను రోజులు స్నో, మిగతాదంతా చల్లటి వాన. మిషెలిన్ క్రాస్‌క్లైమేట్ 2, బ్రిడ్జ్‌స్టోన్ వెదర్‌పీక్, గుడ్‌ఇయర్ అష్యూరెన్స్ వెదర్‌రెడీ, ఈ మూడిటికీ మూడు శిఖరాల మధ్య మంచుపువ్వు గుర్తుంది, స్నో పరీక్ష పాసైన టైరు మీద వేసేది. కాబట్టి స్నోలో మూడూ సమానమే అనుకుంటున్నాను. అలాంటప్పుడు 60,000 మైళ్ళ వారంటీ ఇచ్చే మిషెలిన్, గుడ్‌ఇయర్ కంటే 70,000 ఇచ్చే వెదర్‌పీక్ కొనడమే లెక్క కదా? తప్పుంటే చెప్పండి.

గాడిలోతు:
తప్పు అక్కడే ఉందండీ. ఆ గుర్తు పాస్‌ మార్కు, ర్యాంకు కాదు. ఉత్తర అమెరికా పద్ధతిలో ఆ పరీక్ష చదునుగా తొక్కిన స్నో మీద చేస్తారు. బండి ముందుకు లాగేటప్పుడు టైరు పట్టు ఎంతో కొలిచి, ప్రామాణిక టైరు కంటే కనీసం 10 శాతం మెరుగ్గా ఉంటే గుర్తు ఇస్తారు. బొటాబొటిన దాటినా అదే గుర్తు, బాగా దాటినా అదే గుర్తు. బ్రేకు వేస్తే ఎంత దూరంలో ఆగుతుంది, మలుపులో ఎలా నిలుస్తుంది, ఐస్ మీద ఏమవుతుంది అన్నవి అందులో లేవు.

అయినా టైరు మీద ఉండే ఎం ప్లస్ ఎస్ (మడ్ ప్లస్ స్నో) అక్షరాలకంటే ఇది చాలా నయం. ఎం ప్లస్ ఎస్‌కి పరీక్షే లేదు, గాళ్ళ అమరిక చూసి కంపెనీయే అచ్చు వేసుకుంటుంది. అందుకే జర్మనీలో 2024 అక్టోబరు 1 నుంచి ఒట్టి ఎం ప్లస్ ఎస్ ఉన్న టైరుని వింటర్ టైరుగా లెక్కలోకి తీసుకోవడం మానేశారు.

ఇక వారంటీ మైళ్ళ సంగతి. కొత్త టైరు గాడి లోతు దాదాపు 8 మి.మీ. మార్చి తీరాల్సిన హద్దు 1.6 మి.మీ. అంటే అరగడానికి 6.4 మి.మీ. ఉంది. కానీ స్నోలో 4 మి.మీ. కిందికి దిగితే పట్టు బాగా పడిపోతుంది. అరుగుదల ఒకే తీరుగా సాగిందనుకుంటే 60,000 మైళ్ళ టైరు స్నోకి పనికొచ్చేది సుమారు 37,500 మైళ్ళు, 70,000 టైరు 44,000. ఏడాదికి 12,000 అంటే మూడు చలికాలాలు, మహా అయితే నాలుగోది కొంత. ఆ తర్వాత మీ దగ్గర మిగిలేది వానకీ ఎండకీ పనికొచ్చే మామూలు టైరు. గుర్తు మాత్రం పక్కన అలాగే ఉంటుంది, ఎందుకంటే పరీక్ష కొత్త టైరు మీద చేసింది.

హైవేబండి:
గాడిలోతు గారి లెక్క బాగుంది. కానీ 4 మి.మీ. దగ్గర అన్ని టైర్లూ ఒకేలా చతికిలపడవు. రోడ్డుని తాకే రబ్బరు బ్లాకుల మీద కోసిన సన్నని గీతలున్నాయే, ఆ సైపులు, వాటి లోతు మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని టైర్లలో సగం అరిగేసరికి సైపులు మాయమవుతాయి, బ్లాకు నున్నగా ఇటుకలా మిగులుతుంది. కొనేముందు సైపులో సన్నని అట్టముక్క దూర్చి, పక్క గాడి లోతుతో పోల్చి చూడండి. వెదర్‌రెడీలో అరిగేకొద్దీ గాళ్ళ ఆకారం మారుతుంది, పైన లోతుగా మొదలై కిందికి వచ్చేసరికి వెడల్పవుతాయి. అరిగిన దశలో నీళ్ళు బయటికి తోసేందుకు పనికొచ్చే ఏర్పాటు అది.

అసలు నా అభ్యంతరం వేరు. పది పదిహేను రోజుల స్నో కోసం మొత్తం వాదన నడుస్తోంది. మిగతా రోజులన్నీ చల్లటి తడి రోడ్డు. అక్కడ ముఖ్యం తడిలో బ్రేకింగ్. దాని కోసం టైరు పక్కన ఉండే ట్రాక్షన్ (తడి రోడ్డు మీద పట్టు) ఏఏ, ఏ, బి గ్రేడుని నమ్ముకోకండి. అది గంటకి 40 మైళ్ళ దగ్గర తిన్నగా లాగుతూ చక్రం పూర్తిగా లాక్ చేసి కొలిచింది. మీ కారులో ఏబీఎస్ ఉంది, చక్రం అలా లాక్ అవదు. ట్రెడ్‌వేర్ (అరుగుదల) అంకె కూడా అంతే, 7,200 మైళ్ళు నడిపి, మిగతాది కంపెనీ అంచనా కడుతుంది. ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకి పనికొస్తుంది గానీ రెండు కంపెనీల మధ్య కాదు.

నన్నడిగితే మీ వాడకానికి క్రాస్‌క్లైమేట్ 2. వి ఆకారం గాళ్ళు తడినీ స్నోనీ రెండిటినీ బాగా పట్టుకుంటాయి. కానీ దానికో షరతుంది, రొటేషన్, అంటే చక్రాల స్థానాలు మార్చడం, వాయిదా వేయకూడదు.

రెండుసెట్లు:
ముగ్గురూ ఐస్ మాట దాటేస్తున్నారు. పగలు కరిగి రాత్రి గడ్డకట్టే రోడ్డు మీద ఆల్-వెదర్ రబ్బరు అసలైన వింటర్ టైరుకి సాటి రాదు. ఎండాకాలం వేడికి మెత్తబడి అరిగిపోకూడదని ఆ రబ్బరుని కాస్త గట్టిగా చెయ్యక తప్పదు, ఐస్‌కి కావలసిందేమో మెత్తదనం. యూరప్‌లో టైరు లేబుల్ మీద 2021 మే నుంచి ఐస్ పట్టుకి వేరే బొమ్మ పెట్టిందే ఇందుకు.

పైగా రెండు సెట్లు ఉంటే రెండూ సగం సగమే అరుగుతాయి. వింటర్ సెట్టుకి విడిగా స్టీలు రిమ్ములు, వాటికి గాలి సెన్సర్లు పెట్టించుకుంటే ఇంట్లోనే మార్చుకోవచ్చు. నట్లు నక్షత్రం ఆకారంలో ఒకటి విడిచి ఒకటి బిగించాలి, కారు పుస్తకంలో ఉన్న టార్కుకే (బిగింపు బలం). 50 మైళ్ళ తర్వాత మళ్ళీ చూడాలి. కొత్త రిమ్ము సర్దుకునేసరికి నట్లు వదులవుతాయి.

నాలుగుచక్రాలు:
ముందు చక్రాలే కదా లాగేవి. ఆల్-వెదర్ రెండే కొని ముందు వేసి, వెనక పాత ఆల్-సీజన్ (మంచుపువ్వు గుర్తు లేని మామూలు టైర్లు) వాటినే ఉంచితే?

గాడిలోతు:
వద్దండీ, దయచేసి వద్దు. బండి కదలడం బాగుంటుంది, అదే ప్రమాదం. ముందు పట్టుంటుంది, వెనక ఉండదు. మలుపులో బ్రేకు మీద కాలు పడగానే వెనక భాగం పక్కకి జారి బండి గిర్రున తిరుగుతుంది. ముందు జారితే స్టీరింగ్ తిప్పినా బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే మళ్ళీ దారికొస్తుంది. వెనక జారినదాన్ని సరిదిద్దడం మామూలు డ్రైవరు వల్ల కాదు. వేస్తే నాలుగూ ఒకటే వెయ్యండి. ఎప్పుడైనా అదే రకం రెండు మార్చాల్సి వస్తే కొత్తవి వెనక్కి, ఫ్రంట్ వీల్ డ్రైవ్ అయినా సరే.

హైవేబండి:
రొటేషన్ షరతు అన్నాను కదా, అది వివరిస్తాను. క్రాస్‌క్లైమేట్ 2 ఒకే దిశలో తిరిగే టైరు, పక్కన బాణం గుర్తుంటుంది. కాబట్టి అదే వైపు ముందుది వెనక్కి, వెనకది ముందుకి మాత్రమే మార్చగలం. అడ్డంగా మార్చాలంటే రిమ్ము నుంచి ఊడదీసి తిప్పి ఎక్కించాలి. వెదర్‌రెడీకి దిశ లేదు, లోపలి వైపు, బయటి వైపు అనే తేడా ఉంది. దాన్ని అడ్డంగా కూడా మార్చొచ్చు. అరుగుదల సమంగా రావడంలో గుడ్‌ఇయర్‌కి ఇక్కడ మొగ్గుంది, ఒప్పుకుంటాను.

5,000 నుంచి 6,000 మైళ్ళకోసారి మార్చకపోతే వెనక చక్రాల మీద బ్లాకులు ఏటవాలుగా అరుగుతాయి. బండి ఆపి అరచెయ్యి ట్రెడ్ (రోడ్డుని తాకే భాగం) మీద నెమ్మదిగా ఒకవైపు రాయండి, నున్నగా ఉంటుంది. ఎదురు దిశలో రాయండి, ప్రతి బ్లాకు అంచూ రంపపు పన్నులా గుచ్చుకుంటుంది. అప్పటికే హైవే మీద బేరింగు పోయిందేమో అనిపించే హోరు మొదలై ఉంటుంది. చాలామంది నిజంగానే బేరింగు మార్పించేస్తారు, శబ్దం మాత్రం పోదు.

ఇంకోటి, గాలి. ఉష్ణోగ్రత 5.5 డిగ్రీల సెల్సియస్ పడితే టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది. 20 డిగ్రీల దగ్గర నింపిన టైరు మైనస్ 10 దగ్గర 5 పీఎస్ఐ తక్కువగా తిరుగుతుంది, అంచులు అరుగుతాయి. పొద్దున్నే బండి తీయకముందు కొలవండి.

నాలుగుచక్రాలు:
సరే, 70,000 లెక్క వదిలేస్తున్నాను. క్రాస్‌క్లైమేట్ 2 నాలుగూ, రొటేషన్ 5,000కి, గాడి 4 మి.మీ. కి రాగానే చలికాలం ముందు మార్పు. రెండుసెట్లు గారూ, దీనికి మీ అభ్యంతరం ఇంకా ఉందా?

రెండుసెట్లు:
ఉంది. ఆ పది పదిహేను రోజుల్లో పొద్దున్న ఆరింటికి ఏటవాలు రోడ్డు దిగాల్సిన పని ఉంటే ఉంది. గంట ఆగి ఉప్పు చల్లాక బయల్దేరగలిగితే లేదు. ఒక్క మాట మాత్రం చూసుకోండి. షాపులో ఎక్కించే ముందు టైరు పక్కన ఉండే డాట్ సంఖ్య చివరి నాలుగు అంకెలు చదవండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. నాలుగు టైర్లవీ విడివిడిగా చదవండి, ఒక్కటి చూసి వదిలెయ్యకండి.